టూ స్ట్రోక్ మోటారు సైకిళ్ల పునరుద్ధరణ: విడిభాగాల సేకరణ

తయారీ ఆగిపోయిన టూ స్ట్రోక్ మోటారు సైకిల్‌ను నడిచే స్థితికి, వీలైతే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాటి రూపానికి తేవాలంటే కావలసిన భాగాలను గుర్తించాలి, వెతకాలి, సరిచూడాలి, లేనివాటిని చేయించాలి. ఈ మొత్తం పనినే విడిభాగాల సేకరణ అంటారు. భారతదేశంలో ఇది ప్రధానంగా 1960 – 2005 మధ్య తయారైన జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఎన్‌ఫీల్డ్ చిన్న బండ్లు, ఇండ్-సుజుకి, కవాసాకి బజాజ్, యమహా ఆర్‌ఎక్స్ శ్రేణుల చుట్టూ సాగుతోంది. వెస్పా, లాంబ్రెటా తరహా స్కూటర్లకూ టూ స్ట్రోక్ ఇంజన్లే ఉన్నా, వాటి విడిభాగాల వ్యాపారం వేరే దారిలో పెరిగింది కాబట్టి ఈ వ్యాసంలో వాటి ప్రస్తావన లేదు.

ఇంజనులో అరిగే భాగాలు చాలావరకు ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనివి సాధారణంగా రేకు భాగాలు, మీటర్లు, చిహ్నాలు, ఆయా మోడల్‌కే ప్రత్యేకమైన చిన్న పోతభాగాలు. కొత్తగా ఈ పనిలోకి దిగినవారు దీనికి తలకిందులుగా ఊహించుకుని, ఇంజను తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసి పాత బండి కొనడం తరచుగా జరుగుతుంది.

పదజాలం

మెకానిక్కులు, వ్యాపారులు వాడే కొన్ని మాటలకు స్థిరమైన అర్థాలున్నాయి. బండి తయారీదారు పెట్టెలో వచ్చినది ‘కంపెనీ మాల్’ లేదా ‘ఒరిజినల్’. ఇతరులు తయారుచేసినది నాణ్యత ఎలా ఉన్నా ‘డూప్లికేట్’. పాత బండ్లను విప్పి అమ్మే అంగళ్లు ‘గుజరీ’. సిలిండరు, పిస్టను, రింగుల వరకు చేసే మరమ్మతు ‘హాఫ్ ఇంజన్’. క్రాంకు, గేర్‌బాక్సు కూడా విప్పితే ‘ఫుల్ ఇంజన్’. ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా పెట్టెలోనే ఉండిపోయిన కంపెనీ సరుకును ‘పాత స్టాకు’ అంటారు.

చారిత్రక నేపథ్యం

టూ స్ట్రోక్ సూత్రంపై తొలి ఇంజన్లను 1870ల చివర్లో స్కాట్లండ్‌కు చెందిన డ్యూగల్డ్ క్లార్క్ రూపొందించాడు. క్రాంక్‌కేసునే పంపుగా వాడుకునే సరళమైన రూపం 1890ల ఆరంభంలో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే చేతుల్లో వచ్చింది. 1920ల్లో జర్మనీ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లె కనిపెట్టిన పద్ధతి వల్ల తాజా మిశ్రమం సిలిండరులో వెనక్కి మళ్లి తిరుగుతూ పొగను బయటికి నెడుతుంది. డీకేడబ్ల్యూ సంస్థ ఈ పద్ధతిని మోటారు సైకిళ్లలో విస్తృతంగా వాడింది. ఆ సంస్థ 1939లో తెచ్చిన ఆర్‌టీ 125ను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పలు దేశాలు అనుకరించాయి. బ్రిటన్‌లో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లీ డేవిడ్సన్ 125, జపాన్‌లో 1955 నాటి యమహా వైఏ-1 ఆ సంతతివే. మూలం ఒకటే అయినా ఒక దేశపు బండి భాగం మరో దేశపు బండికి సరిపోతుందనుకోవడానికి లేదు. కొలతలు, మరల పద్ధతి ఎవరికి వారే మార్చుకున్నారు.

భారతదేశానికి ఈ ఇంజన్లు ప్రధానంగా మూడు దారుల్లో వచ్చాయి. మొదటిది చెకోస్లొవేకియా దారి. ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో ప్రారంభించిన జావా సంస్థ సాంకేతిక సహకారంతో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం ఏర్పడింది. ఫరూఖ్ ఇరానీ, రుస్తుం ఇరానీ స్థాపించిన ఈ సంస్థ యాదవగిరిలోని ఫ్యాక్టరీలో 1961లో జావా 250 తయారీ మొదలుపెట్టింది. 1970ల ఆరంభంలో బండి పేరు యెజ్డీగా మారింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

రెండోది పోలండ్ దారి. అక్కడి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1960ల ఆరంభం నుంచి 173 సీసీ రాజ్‌దూత్‌ను తయారుచేసింది. గ్రామీణ రోడ్లను తట్టుకున్న ఈ బండి పొట్టి రూపమైన జీటీఎస్ 1973 నాటి హిందీ సినిమా ‘బాబీ’లో కనిపించి ఆ సినిమా పేరుతోనే స్థిరపడిపోయింది. ఇదే కాలంలో ఎన్‌ఫీల్డ్ ఇండియా మద్రాసు ప్రాంతం నుంచి బ్రిటిష్ విలియర్స్ ఇంజనుతో షెర్పాను, తర్వాత మినీ బుల్లెట్‌ను, జర్మనీ సంస్థ జూండాప్ నమూనాతో ఫ్యూరీ 175ను విడుదల చేసింది.

మూడోది జపాన్ దారి, 1980ల్లో తెరుచుకుంది. 1983లో ఎస్కార్ట్స్ యమహా ఆర్‌డీ 350బీ ఆధారంగా రాజ్‌దూత్ 350ను తెచ్చింది. సుజుకి సంస్థ టీవీఎస్‌తో కలిసి ఇండ్-సుజుకి ఏఎక్స్ 100ను, కవాసాకి సంస్థ బజాజ్‌తో కలిసి కేబీ 100ను ప్రవేశపెట్టాయి. 1985లో ఎస్కార్ట్స్ యమహా ఆర్‌ఎక్స్ 100ను తీసుకొచ్చింది. 50 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల స్ట్రోకు, 98 సీసీ, 11 అశ్వశక్తి గల ఈ చిన్న బండి తయారీ 1996లో ఆగింది. దీని తర్వాతి రూపాలు 2000ల మధ్య వరకు నడిచాయి.

కాలుష్య నిబంధనలే ఈ తరం బండ్లకు ముగింపు పలికాయి. టూ స్ట్రోక్ ఇంజనులో తాజా మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే పొగ గొట్టంలోకి జారిపోతుంది, ఇంజను నూనె కూడా కాలుతుంది. 1996లో, మళ్లీ 2000లో వచ్చిన కఠినమైన పరిమితులను అందుకోవడం వీటికి కష్టమైంది. డీలర్లు మిగిలిన స్టాకును హోల్‌సేలుగా వదిలించుకున్నారు. నేటి పాత స్టాకు సరుకులో ఎక్కువ భాగం అలా చేతులు మారినదే.

ఇంజను నిర్మాణం, అరిగే భాగాలు

టూ స్ట్రోక్ ఇంజనుకు ఫోర్ స్ట్రోక్ తరహా వాల్వులు, క్యామ్ షాఫ్టు, టైమింగ్ చెయిను లేవు. పిస్టనే పైకీ కిందికీ కదులుతూ సిలిండరు గోడలోని కిటికీల్లాంటి పోర్టులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పిస్టను కింద క్రాంక్‌కేసులో మిశ్రమం పీడనానికి గురై పైకి వెళుతుంది. అందువల్ల అరిగే భాగాల జాబితా చిన్నది: పిస్టను, రింగులు, గడ్జన్ పిన్ను, కనెక్టింగ్ రాడ్, క్రాంకు బేరింగులు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేట్లు.

పిస్టన్లు స్టాండర్డ్ కొలతతో పాటు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు ఓవర్‌సైజుల్లో తయారవుతాయి. సిలిండరు అరిగినప్పుడు దాన్ని తర్వాతి ఓవర్‌సైజుకు బోరింగ్ చేయిస్తారు. ఇక్కడ క్రమం ముఖ్యం. పిస్టను చేతికి వచ్చి, మైక్రోమీటరుతో కొలిచాకే సిలిండరును లేత్ షాపుకు పంపాలి. ఒకే సైజు ముద్ర ఉన్న రెండు కంపెనీల పిస్టన్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు, సిలిండరుకు ఇవ్వాల్సిన క్లియరెన్సు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. బోరింగ్ తర్వాత పోర్టుల అంచులు పదునుగా మిగిలితే రింగు వాటికి తగులుకుని విరుగుతుంది కాబట్టి ఆ అంచులను సన్నగా వాలుగా అరగదీయాలి. చివరి ఓవర్‌సైజు కూడా దాటిపోయిన సిలిండరుకు కొత్త లైనరు దిగ్గొడతారు. టూ స్ట్రోక్‌లో ఈ పని ఫోర్ స్ట్రోక్ కంటే కష్టం, లైనరులోని పోర్టులు సిలిండరు పోతలోని దారులతో కచ్చితంగా కలవాలి.

క్రాంకును ముక్కలుగా చేసి ప్రెస్సుతో బిగిస్తారు. పెద్ద చివర బేరింగు అరిగితే క్రాంక్ పిన్ను, కనెక్టింగ్ రాడ్, నీడిల్ లేదా రోలర్ బేరింగు, వాషర్లు కలిసిన ‘కాన్‌రాడ్ కిట్’ కొంటారు. పాత పిన్నును ప్రెస్సులో తీసి కొత్తది ఎక్కించాక, రెండు షాఫ్టులూ ఒకే సరళరేఖలో తిరుగుతున్నాయా లేదా అని డయల్ గేజీతో సరిచూస్తారు. కిట్ ఎంత మంచిదైనా ఈ సరిచూపు లేకపోతే బేరింగులు త్వరగా పోతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ పనికి అనుభవమున్న షాపులున్నాయి. అయితే లారీ క్రాంకులు చేసే షాపులన్నీ చిన్న మోటారు సైకిల్ క్రాంకు చేయవు.

ఆయిల్ సీళ్ల ధర తక్కువ, ప్రాధాన్యం మాత్రం ఎక్కువ. క్రాంక్‌కేసు పంపులా పనిచేస్తుంది కాబట్టి మ్యాగ్నెటో వైపు సీలు కారితే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది, పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. గేర్‌బాక్సు వైపు సీలు కారితే గేరు నూనె లోపలికి లాగబడి తెల్లపొగ వస్తుంది. పిస్టను మార్చినా పదే పదే పట్టేస్తున్న ఇంజన్లలో కారణం తరచుగా ఈ సీలే.

సైలెన్సరు కూడా ఇంజనులో భాగమే. పొగ గొట్టంలో వెనక్కి తిరిగి వచ్చే పీడన తరంగం పోర్టు మూసుకునే ముందు తాజా మిశ్రమాన్ని సిలిండరులోకి తిరిగి నెడుతుంది. గొట్టం పొడవు, శంకువు కోణం, లోపలి బ్యాఫిల్ మారితే ఇంజను బలం ఏ వేగం దగ్గర పెరుగుతుందో అదీ మారిపోతుంది. బయటికి అచ్చం పాతదానిలా కనిపించే డూప్లికేట్ సైలెన్సరు వేశాక బండి లాగడం లేదనే ఫిర్యాదుకు కారణం ఇదే. లోపల పేరుకున్న మసిని తీసివేయడానికి వీలున్న పాత సైలెన్సరును పారేయకపోవడం మేలు.

భాగాన్ని గుర్తించడం

సేకరణలో ఎక్కువ సమయం ఈ దశకే పడుతుంది, పడాలి కూడా. అంగడిలో బండి పేరు చెప్పి అడిగితే ఆ పేరుతో ఉన్నదేదో ఇస్తారు. నంబరో కొలతో చెప్పి అడిగితే సరిపోయేది దొరుకుతుంది.

విడిభాగాల నంబర్లు. తయారీదారు ప్రచురించిన పార్ట్స్ క్యాటలాగులో బండిని విప్పదీసిన బొమ్మలు, ప్రతి భాగానికి ఒక నంబరు ఉంటాయి. యమహా పద్ధతి తెలుసుకుంటే చాలా ఉపయోగం. ఆ నంబరులో మొదటి మూడు అక్షరాలు లేదా అంకెలు ఆ భాగం తొలిసారి ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. మధ్యలోని ఐదంకెలు అది ఏ భాగమో చెబుతాయి. చివరి రెండంకెలు సవరణను సూచిస్తాయి. మధ్యలో 11631 ఉంటే స్టాండర్డ్ పిస్టను, 11635 అయితే మొదటి ఓవర్‌సైజు, 11636 అయితే రెండోది. ఆర్‌ఎక్స్ భాగంపై వేరే మోడల్ సంకేతం కనిపిస్తే అది తప్పుడు సరుకని కాదు; ఆ భాగం అంతకుముందే మరో యమహాలో వాడినదని అర్థం. అదే నంబరుతో ఆగ్నేయాసియా లేదా యూరప్ అంగళ్లలో కూడా వెతకవచ్చు.

బేరింగులు. బేరింగుపై ఉన్న నంబరు బండి కంపెనీది కాదు, అంతర్జాతీయ ప్రమాణానిది. 6203 అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. 6204 అయితే 20, 47, 14. 6205 అయితే 25, 52, 15. బండి తయారీ ఆగి 30 ఏళ్లయినా ఈ బేరింగులు పంపుసెట్లకూ విద్యుత్ మోటార్లకూ కావాలి కాబట్టి తయారవుతూనే ఉన్నాయి. నంబరు చివర సీ3 అని ఉంటే లోపలి ఖాళీ మామూలు కంటే ఎక్కువని అర్థం. వేడికి వ్యాకోచించే క్రాంకు వంటి చోట్ల క్యాటలాగు దాన్ని కోరితే అదే వేయాలి.

ఆయిల్ సీళ్లకూ ఇదే పద్ధతి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు చెబితే చాలు. క్రాంకు సీలుకు మాత్రం వేడిని, పెట్రోలును తట్టుకునే రబ్బరు కావాలి. పంపుసెట్టు సీలు కొలత సరిపోయినా అక్కడ ఎక్కువకాలం నిలవదు.

స్పార్క్ ప్లగ్గులు. మర వ్యాసం, మర పొడవు, ఉష్ణశ్రేణి అనే మూడు విషయాలు కలవాలి. ఎన్‌జీకే పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, బాష్ పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ చల్లనిది. బాష్ ప్లగ్గులే భారతదేశంలో దశాబ్దాల పాటు మైకో పేరుతో అమ్ముడయ్యాయి. ఒక కంపెనీ అంకెను చూసి మరో కంపెనీలో అదే అంకె కొంటే ఇంజను దెబ్బతినే అవకాశముంది.

మరలు. జావా, యెజ్డీ, జపాన్ సంతతి బండ్లలో మెట్రిక్ మరలు ఉంటాయి. విలియర్స్ వంటి బ్రిటిష్ ఇంజన్లలో విట్‌వర్త్, బ్రిటిష్ సైకిల్ మరలు ఉంటాయి. పైకి ఒకేలా కనిపించే మెట్రిక్ బోల్టును అల్యూమినియం క్రాంక్‌కేసులోని బ్రిటిష్ మరలోకి బలవంతంగా తిప్పితే రెండు చుట్లు తిరిగి మర పోతుంది. మర గేజీ ఖరీదు కొద్దిపాటిదే.

క్యాటలాగు దొరకనప్పుడు పాత భాగమే ఆధారం. అందుకే కొత్తది బిగించి బండి నడిచేదాకా విరిగిన ముక్కను కూడా దాచిపెడతారు. వెర్నియర్ కాలిపర్స్ లేకుండా గుజరీకి వెళ్లడం అనుభవజ్ఞులు చేయరు.

విడిభాగాల రకాలు

పాత స్టాకు సరుకుకు గిరాకీ ఎక్కువ, అయితే అది ఎల్లప్పుడూ ఉత్తమం కాదు. ఇనుప, అల్యూమినియం భాగాలు నూనె కాగితంలో ఎంతకాలమైనా ఉంటాయి. ఆయిల్ సీళ్లు, టైర్లు, కార్బొరేటరు రబ్బర్లు, కండెన్సర్లు మాత్రం పెట్టెలో ఉన్నా గట్టిపడతాయి, పాడవుతాయి. వీటికి ఒరిజినల్ పెట్టె కన్నా కొత్తగా తయారైన తేదీ ముఖ్యం.

విప్పిన బండ్ల భాగాలే క్రాంక్‌కేసు, గేర్లు, సిలిండరు, ఫోర్కు వంటి పెద్ద వస్తువులకు ప్రధాన ఆధారం. వీటిలో పగుళ్లు, వెల్డింగ్ జాడలు, బేరింగు కూర్చునే గుంటల అరుగుదల చూడాలి. క్రాంక్‌కేసు రెండు సగాలను ఫ్యాక్టరీలో కలిపి బోర్ చేస్తారు కాబట్టి ఒక ఇంజను కుడి సగం, మరో ఇంజను ఎడమ సగం కలిపితే షాఫ్టు వరుస తప్పే ప్రమాదముంది. జంటగానే కొనాలి.

కొత్తగా తయారవుతున్న అనుకరణ భాగాల నాణ్యత విస్తృతంగా మారుతుంది. కేబుళ్లు, బ్రేక్ షూలు, రబ్బర్లు, గాస్కెట్లు సంతృప్తికరంగా ఉంటాయి. గేర్లు, కిక్ షాఫ్టులు, క్లచ్ హబ్బులలో గట్టిదనం ఇచ్చే వేడిశుద్ధి సరిగా జరిగిందో లేదో కంటికి కనిపించదు. ఇలాంటి చోట అరుగుదల తక్కువగా ఉన్న పాత ఒరిజినల్ గేరే కొత్త డూప్లికేట్ కంటే నయమని చాలామంది మెకానిక్కుల అభిప్రాయం.

ఇక ప్రత్యామ్నాయ భాగాలు: మరో బండికి చెందినా సరిపోయే లేదా కొద్ది మార్పుతో సరిపోయేవి. జావా పాత కార్బొరేటరు జికోవ్‌కు బదులు మికుని తరహా కార్బొరేటరు బిగించడం దీనికి తెలిసిన ఉదాహరణ. జెట్లు మళ్లీ అమర్చుకోవాలి, రూపం మారుతుంది, నడక మాత్రం స్థిరపడుతుంది. ఏదీ దొరకకపోతే బుష్షులు, స్పేసర్లు, షాఫ్టుల వంటివి లేత్ షాపులో చేయిస్తారు.

సేకరణ స్థలాలు

తెలుగు రాష్ట్రాల్లో బేరింగులు, సీళ్లు, బోల్టులు, కొలత పరికరాలకు సికింద్రాబాద్ రాణీగంజ్ ప్రధాన కేంద్రం. హైదరాబాద్ పుత్లీబౌలి వాహన విడిభాగాల అంగళ్లకు పేరు పొందింది. యంత్రపు పనికి విజయవాడ ఆటోనగర్‌తో పాటు ఇతర పట్టణాల్లోని ఆటోనగర్లు ఉపయోగపడతాయి. రాయలసీమ నుంచి, ముఖ్యంగా అనంతపురం వైపు నుంచి బెంగళూరు దగ్గర. అక్కడి జేసీ రోడ్డు విడిభాగాలకు, శివాజీనగర్ గుజరీ పాత సామానుకు పేరుపడ్డాయి. ఒకప్పుడు మైసూరులో ఫ్యాక్టరీ ఉండేది కాబట్టి జావా, యెజ్డీ బండ్లు తెలిసిన చేతులు కర్ణాటకలో ఎక్కువ.

చెన్నైలో పాత భాగాలకు పుదుపేట, కొత్తవాటికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. ముంబైలో చోర్ బజార్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, ఢిల్లీలో కరోల్‌బాగ్, కశ్మీరీ గేట్, మాయాపురి ఇదే కోవకు చెందినవి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సోతీగంజ్ ఒకప్పుడు దేశంలోనే పెద్ద పాత భాగాల బజారు. దొంగ వాహనాలను విప్పి అమ్ముతున్నారన్న కేసులపై పోలీసులు 2021 డిసెంబరులో దాన్ని మూయించారు.

వీటన్నిటికంటే ఫలితమిచ్చేవి జిల్లా కేంద్రాల్లోని పాత మెకానిక్ షెడ్లు, మూతపడిన డీలర్ల గోదాములు. మహానగర బజారుకు చేరిన సరుకు ఇప్పటికే ఏరివేతకు గురై ఉంటుంది. చిన్న ఊరి షెడ్డు అటకపై పెట్టెలు ఇంకా ఎవరూ చూడకపోయి ఉండవచ్చు. ఏటా జులై రెండో ఆదివారం జరిగే జావా – యెజ్డీ దినోత్సవం నాటి సమావేశాల్లో యజమానులు ఒకరి దగ్గర ఎక్కువున్న భాగాలను మరొకరితో మార్చుకుంటారు.

విదేశాల నుంచి తెప్పించుకోవడం జావాకు, ఆర్‌డీ 350కి ఉపయోగకరం. చెక్ దేశంలో పాత జావాలకు కొత్త భాగాల తయారీ ఇప్పటికీ నడుస్తోంది. యమహా ఆర్‌డీ బండ్లకు అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో అభిమానులు ఎక్కువ కాబట్టి పిస్టన్ల నుంచి ఇగ్నిషన్ వరకు తయారవుతున్నాయి. సరుకు ధరకు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోవాలి.

మోడళ్ల వారీగా లభ్యత

జావా 250, యెజ్డీ 250 బండ్లకు 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, గేరు లివరునే కిక్కుగా వాడే ఏర్పాటు వీటి ప్రత్యేకతలు. ఆ లివరు, దాని లోపలి పళ్ల భాగాలు ఎక్కువగా అరుగుతాయి. అవి మార్కెట్లో ఉన్నా నాణ్యత చూసుకోవాలి. తొలి జావాల 16 అంగుళాల చక్రాలకు సరైన టైర్లు దొరకడం, 6 వోల్టుల డైనమో, రెగ్యులేటరును సరిచేయగల మనిషి దొరకడం అసలు సమస్యలు. తొలినాళ్ల జావా మీటర్లు, ట్యాంకు చిహ్నాలు అరుదు. రోడ్‌కింగ్‌కు చెక్ భాగాలన్నీ సరిపోవు.

రాజ్‌దూత్ 175 చాలాకాలం, చాలా ఊళ్లలో తిరిగినందున దాని భాగాలు ఇంకా చౌకగానే ఉన్నాయి. పూర్తి బండ్లు మాత్రం తుక్కుకు వేగంగా పోతున్నాయి.

రాజ్‌దూత్ 350 దీనికి పూర్తి వ్యతిరేకం. 347 సీసీ జంట సిలిండర్లు, ఆరు గేర్లు, కొన్ని వేల బండ్లు మాత్రమే తయారయ్యాయి. తొలి రూపాన్ని ‘హై టార్క్’, 1985 నుంచి వచ్చిన తగ్గించిన రూపాన్ని ‘లో టార్క్’ అంటారు. మొదటిది 30.5, రెండోది 27 అశ్వశక్తి. ఒకదాని భాగాలు మరొకదానిలో కలగాపులగంగా బిగించిన బండ్లు సాధారణం. అంతర్జాతీయ ఆర్‌డీ 350లో ముందు డిస్క్ బ్రేకు ఉండగా ఇక్కడ డ్రమ్ము బిగించారు. అందుకే బ్రేకు, కొన్ని బాహ్య భాగాలు విదేశీ క్యాటలాగులతో కలవవు, ఇంజను లోపలివి చాలావరకు కలుస్తాయి.

ఆర్‌ఎక్స్ 100 భాగాలకు కొరత లేదు, నమ్మకానికే కొరత. గిరాకీ వల్ల ఒరిజినల్ పెట్టెలను అనుకరించిన నకిలీ సరుకు పెరిగింది. తొలి విడత బండ్ల భాగాలపై జపాన్ ముద్రలు ఉంటాయి. ఆ ముద్రల కోసమే అధిక ధర చెల్లించేవారున్నారు, ముద్రలు చెక్కేవారూ ఉన్నారు. దీనిలోని సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) యూనిట్ లోపల రెసిన్ పోసి మూసి ఉంటుంది కాబట్టి పాడైతే మార్చడమే మార్గం. దీనికి భిన్నంగా జావా, రాజ్‌దూత్‌ల ఇగ్నిషన్‌లోని కాంటాక్టు పాయింట్లు తరచుగా సర్దుబాటు కోరినా రోడ్డు పక్కనే బాగుచేసుకోవచ్చు.

ఇండ్-సుజుకి, కేబీ 100, ఎన్‌ఫీల్డ్ మినీ బుల్లెట్, ఫ్యూరీలకు అభిమానులు తక్కువ, అనుకరణ తయారీదారులూ తక్కువ. ఫ్యూరీ విషయంలో జర్మనీలోని జూండాప్ భాగాల విక్రేతలే చివరి ఆశ.

రేకు భాగాలు, పూత

పెట్రోలు ట్యాంకు, మడ్‌గార్డులు, చెయిను కవరు, పక్క డబ్బాలు ఆయా మోడల్‌కే పరిమితం. వీటి అనుకరణలు తరచుగా పలుచని రేకుతో, వంపులో తేడాతో వస్తాయి. తుప్పు పట్టిన ఒరిజినల్ ట్యాంకును కోసి, కుళ్లిన భాగానికి కొత్త రేకు అతికి, టింకరింగ్ చేయించడమే చాలాసార్లు మంచి ఫలితమిస్తుంది. జావా ట్యాంకు పక్కల మెరుపు క్రోమియం పూతది. రాగి, నికెల్, ఆపైన క్రోమియం అనే వరుసలో పూత వేస్తారు. కింది రెండు పొరలు తగ్గించి క్రోమియం మాత్రం మెరిపిస్తే ఒకటి రెండు వానాకాలాల్లో బుడగలు లేస్తాయి. పూత రసాయనాలు కలిసిన వ్యర్థజలాలపై నియంత్రణ వల్ల చిన్న ప్లేటింగ్ షాపులు తగ్గాయి, మంచి షాపుల దగ్గర వేచి ఉండాల్సి వస్తోంది.

ఇంధనం, నూనె

దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకానికి వచ్చాక భాగాల ఎంపికలో కొత్త షరతు చేరింది. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటరు సీళ్లు, ట్యాంకు లోపల పూసిన కొన్ని రకాల పూతలు ఇథనాల్‌కు ఉబ్బుతాయి లేదా కరుగుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపి ఉంచిన బండి ట్యాంకులో తుప్పు పెరుగుతుంది. కొత్త గొట్టాలు, సీళ్లు కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే పదార్థంతో చేసినవా అని చూడాలి.

పెట్రోలులో కలిపే నూనె పాళ్లు నాటి పుస్తకాల్లో నేటి అలవాటు కంటే ఎక్కువగా ఉంటాయి, అప్పటి నూనెల నాణ్యత అంతే కాబట్టి. ఇప్పటి టూ స్ట్రోక్ నూనెలతో తక్కువ పాళ్లు సరిపోతాయని కొందరు, పాత బేరింగులకు పుస్తకంలోని పాళ్లే భద్రమని మరికొందరు అంటారు. కొత్త బోరింగ్ తర్వాత కొంతకాలం నూనె కాస్త ఎక్కువ కలపడంపై మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు.

మౌలికతపై రెండు దృక్పథాలు

సంగ్రాహకులు ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోవడానికి, నాటి రంగు, నాటి తయారీదారు మీటర్లు, బోల్టు తలలపై ముద్రల వరకు ప్రాధాన్యమిస్తారు. రోజూ నడిపేవారు 12 వోల్టుల విద్యుత్ వ్యవస్థ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మెరుగైన బ్రేకులు అమర్చుకుంటారు. మధ్యేమార్గంగా, ఫ్రేమును కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, ఎప్పుడైనా వెనక్కి మార్చగల మార్పులే చేసి, తీసిన ఒరిజినల్ భాగాలను బండితో పాటు భద్రపరిచే పద్ధతి ఒకటి ఉంది. పాత రంగు కొంత మిగిలిన బండిని మళ్లీ రంగు వేయకుండా అలాగే కాపాడాలన్న వాదన యూరప్‌లో బలంగా ఉంది. ఇక్కడ కొత్తదానిలా మెరిసేదానికే ఇంకా ఎక్కువ ధర పలుకుతోంది.

చట్టపరమైన అంశాలు

రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు రెండూ ఉంటాయి. నంబరు ఉన్న క్రాంక్‌కేసును లేదా ఫ్రేమును మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, పత్రంలో నమోదు అవసరం. అందువల్ల ఈ రెండింటిని పత్రాలు లేకుండా కొనడం ప్రమాదకరం. దొంగ బండి భాగమని తేలితే కొన్నవారూ విచారణ ఎదుర్కోవాల్సి వస్తుంది. చెరిపి మళ్లీ కొట్టిన నంబర్లను అక్షరాల లోతులో, వరుసలో తేడాతో గుర్తించవచ్చు.

సొంత వాహనాలకు 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపంలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవి పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఇలా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. తొలి మైసూరు జావాలకు ఈ అర్హత ఇప్పటికే ఉంది. ఆర్‌ఎక్స్ 100లో అతి పాత బండ్లకు కూడా 2035 వరకు అది రాదు.